సొమ్ములు అంటే నగలే కాదు

మాది శ్రీకాకుళం జిల్లా. "పశువులు" అన్న మాట నేను బడికి వెళ్లాకే విన్నాను. ఇంట్లో ఆవు, ఎద్దు, గేదె అన్నీ కలిపి సొమ్ములే. "సొమ్ములకి కుడితెట్టినావా?" అని మా నాయనమ్మ రోజూ పొద్దుగూకే వేళ అడిగేది. ఇంటర్‌కి గుంటూరు వైపు హాస్టల్‌లో చేరాక, సెలవుల్లో ఏం చేస్తావని అడిగితే "సొమ్ములు కాస్తాను" అన్నాను. నగలకు కాపలా ఉంటావా అన్నారు గదిలోవాళ్లు. నాదే తప్పు మాటేమో అనుకుని ఆ రోజు నుంచి "పశువులు" అనడం అలవాటు చేసుకున్నాను. అది తప్పు మాట కాదని చెప్పడానికే ఇది రాస్తున్నాను.

సొమ్ముకు మూలం సంస్కృతంలోని "స్వమ్" అని మన నిఘంటుకారులు చెప్పారు. స్వం అంటే తనది, తన ఆస్తి. "సొమ్మొకడిది సోకొకడిది" అన్నప్పుడు వినిపించేది ఆ పాత అర్థమే. ఎవరికి ఏది ఆస్తి అయితే ఈ మాట దాని మీదే వాలింది. షావుకారుకి డబ్బు, ఆడపిల్లకి ఒంటి మీది బంగారం, మా రైతులకి సాలలో కట్టేసిన ఎడ్లు.

ఇది మా ఒక్క ప్రాంతపు వింత కూడా కాదు. ఇంగ్లీషులో "క్యాటిల్" అన్న మాటకు మొదట ఆస్తి అనే అర్థం. "క్యాపిటల్" దానికి దగ్గరి చుట్టం. లాటిన్‌లో దారి తిరగబడింది. అక్కడ మంద పేరైన "పెకుస్" నుంచి డబ్బు పేరు "పెకూనియా" పుట్టింది. ఆ పెకుస్‌కీ మన "పశు"కీ మూలం ఒకటే. తమిళంలో "మాడు" అంటే ఇవాళ ఆవో ఎద్దో. తిరుక్కురళ్ 400వ పద్యంలో మాత్రం అదే మాటకు సంపద అని అర్థం. చదువే చెడిపోని సంపద, మిగిలినవి "మాడు" కావు అంటాడు వళ్లువర్. విరాటుడి ఆవులను తోలుకుపోవడానికి కౌరవులు సైన్యంతో ఎందుకు దిగారో ఈ మాటలన్నీ పక్కపక్కన పెట్టి చూస్తే తెలుస్తుంది. అది ఖజానా మీద దాడి.

నాకు మరీ ముఖ్యంగా తోచేది ఇంకొకటి. పశువు, గొడ్డు, గొర్రె అన్నీ తిట్లయ్యాయి. "పశువులా ప్రవర్తించాడు" అంటాం, "గొడ్డును బాదినట్టు బాదాడు" అంటాం, గొడ్డుచాకిరీ అంటాం. సొమ్ము అని మాత్రం ఎవరూ ఎవరినీ తిట్టగా నేను వినలేదు. తిట్టడానికి ఆ మాటలో చోటు లేదు. "గొడ్డొచ్చిన వేళ బిడ్డొచ్చిన వేళ" అన్న సామెతలో గొడ్డుకు ఇంకా ఆ గౌరవం మిగిలి ఉంది. పక్కన బిడ్డను నిలబెట్టారు కాబట్టి.

మా ఊళ్లో ఇప్పుడు సాలలు తగ్గాయి. దున్నడానికి ట్రాక్టర్లు, పాలకు ప్యాకెట్లు. మా అబ్బాయికి సొమ్ములు అంటే బీరువాలోవే. మొన్న పండక్కి వెళ్లినప్పుడు వాణ్ణి సాల దగ్గరికి తీసుకెళ్లి, మిగిలిన ఒక్క ఆవును చూపించి "ఇదిరా మన సొమ్ము" అన్నాను.

విజయనగరం, విశాఖ వైపు వాళ్లను ఒకటి అడగాలి. మేకలను, గొర్రెలను కూడా మీరు సొమ్ములు అంటారా? మా ఇంట్లో వాటిని ఆ లెక్కలో కలిపేవారు కాదు.