వార్షిక సమావేశంలో చెత్త తగ్గించే పని: స్వచ్ఛంద సేవకుల ప్రణాళిక చర్చ

సమన్వయకర్త

అందరికీ నమస్కారం.

వచ్చే నెల రెండో శనివారం జరిగే మన సంఘం వార్షిక సమావేశానికి సుమారు 400 మంది వస్తారని కార్యవర్గం అంచనా వేసింది. ఆ రోజు హాలులో పోగయ్యే చెత్తను వీలైనంత తగ్గించే బాధ్యతను ఈసారి నాకు అప్పగించారు. పనులు పంచుకునే ముందు పోయినేడాది అనుభవాన్ని ఉన్నది ఉన్నట్లుగా మీ ముందు పెడతాను, ఎందుకంటే ఆ రాత్రి చివరిదాకా హాలులో ఉన్న నలుగురికి తప్ప మిగతా సభ్యులకు ఆ సంగతి తెలియదు.

పోయినేడాది మనం ‘కంపోస్టబుల్’, అంటే కుళ్ళి ఎరువుగా మారేవి, అని ముద్ర వేసిన పళ్ళాలూ గ్లాసులూ కొన్నాం. మామూలు వాటికంటే ఖరీదు ఎక్కువైనా మంచిపని కదా అని కొన్నాం. మూడు రంగుల డబ్బాలు పెట్టి, దేనిలో ఏది వేయాలో బొమ్మలు గీసి అంటించాం. సభ ముగిశాక చేతితొడుగులు వేసుకుని ఆ డబ్బాలు తెరిచి చూస్తే తడి చెత్తలో నీళ్ళ సీసాలు ఉన్నాయి, సీసాల డబ్బాలో సగం తిని వదిలేసిన పళ్ళాలు ఉన్నాయి, అట్టముక్కల కోసం పెట్టిన డబ్బాలో ఎవరో పారబోసిన కాఫీ అడుగుదాకా ఇంకి అట్టలన్నీ మెత్తబడి ముద్దయ్యాయి. మర్నాడు చెత్త తీసుకువెళ్ళే సంస్థకు ఫోన్ చేస్తే, తమ కంపోస్టు కేంద్రం ఈ రకం పళ్ళాలను తీసుకోదని చెప్పారు. అంత శ్రమపడి వేరు చేద్దామనుకున్నదంతా ఒకే లారీ ఎక్కి, ఒకే గోతిలోకి వెళ్ళిపోయింది.

ఇందులో ఆ సంస్థను తప్పుపట్టడానికి ఏమీ లేదు. కొనేముందు మనమే అడగలేదు. ఈ రకం పళ్ళాలూ గ్లాసులలో చాలావాటిని మొక్కజొన్న వంటి పంటల నుంచి తీసే పీఎల్‌ఏ అనే ప్లాస్టిక్‌తో చేస్తారు, లేదా కాగితం మీద దాన్ని పూతగా వేస్తారు. అది మట్టిలో కలవాలంటే 60 డిగ్రీల సెల్సియస్‌కు దగ్గరగా వేడి, దానికి తోడు తేమ, గాలి, వారాల తరబడి నిలకడగా ఉండాలి. ఐరోపాలో పాటించే ఈఎన్ 13432 ప్రమాణం అడిగేది కూడా పారిశ్రామిక కంపోస్టు పరిస్థితుల్లో ఆరు నెలల్లోగా 90 శాతం జీవ విచ్ఛిన్నం జరగాలనే. పెరట్లో తవ్వుకున్న గుంతలో అంత వేడి నిలవదు. గాలి చొరబడకుండా పూడ్చే గోతిలో కావలసిన గాలి అందదు. దగ్గరలో అలాంటి కేంద్రం ఉండి, అది వాటిని తీసుకుంటానని చెబితేనే ఆ ముద్రకు విలువ.

చెత్త ఎంత అవుతుందన్నది హాలులోకి ఏయే వస్తువులు తెస్తామో నిర్ణయించిన రోజునే తేలిపోతుందని నాకు ఆ రాత్రి అర్థమైంది. అందుకే డబ్బాల సంగతి చివర మాట్లాడుకుందాం. ముందుగా కొనుగోళ్ళ జాబితాను ఎదురుగా పెట్టుకుని, ఒక్కో వస్తువు దగ్గరా ఆగి, అది లేకుండా పని జరుగుతుందా, జరగకపోతే అరువు గానీ అద్దెకు గానీ దొరుకుతుందా, అదీ కుదరకపోతే కొన్నదాన్ని మళ్ళీ వాడగలమా అని ఆ వరుసలోనే అడుగుదాం. పునర్వినియోగం, రీసైక్లింగ్ అని మనం తేలిగ్గా అంటాం కానీ, 1950 నుంచి 2015 దాకా ప్రపంచంలో చెత్తగా మారిన ప్లాస్టిక్‌లో రీసైకిల్ అయినది 9 శాతమేనని 2017లో వెలువడిన పరిశోధన లెక్కగట్టింది. మరో 12 శాతాన్ని కాల్చేశారు, మిగిలిన 79 శాతం గోతుల్లోనూ నేలమీదా నీళ్ళలోనూ పోగుపడింది. పైగా సీసా అడుగున త్రికోణంలో కనబడే అంకె అది ఏ రకం ప్లాస్టిక్కో మాత్రమే చెబుతుంది. మన ఊరి కేంద్రం దాన్ని తీసుకుంటుందని ఆ అంకె హామీ ఇవ్వదు.

నా మొదటి ప్రతిపాదన: ఈసారి ఒకసారి వాడి పారేసే పళ్ళాలు, గ్లాసులు, చెంచాలు ఏ రకానివీ కొనవద్దు. హాలు వంటగదిలో ఉన్న పింగాణీ పళ్ళాలు 250 అని హాలు నిర్వాహకులు చెప్పారు. మిగిలినవి అద్దెకు తెద్దాం. దీనిమీద భోజన విభాగం వారి అభిప్రాయం కావాలి.

భోజన విభాగం

తమ్ముడికి ఆశీస్సులు. నువ్వు రాసినదంతా శ్రద్ధగా చదివాను, ఉద్దేశంతో నాకు పేచీ లేదు. అయితే 400 మంది ఎంగిలి పళ్ళాలు ఎవరు కడుగుతారు, ఎన్ని నీళ్ళు పడతాయి అన్న రెండు ప్రశ్నలకు జవాబు దొరకకుండా నేను ఒప్పుకోలేను. ఏటా వంటగదిలో మిగిలిపోయేది ఆ నలుగురైదుగురు ఆడవాళ్ళే. సభలో పిల్లల కార్యక్రమం కూడా చూడలేక గిన్నెల దగ్గర నిలబడ్డ రోజులు మాకు గుర్తున్నాయి. పర్యావరణం పేరు చెప్పి ఆ భారం మళ్ళీ వాళ్ళ మీదే పడితే అది న్యాయం కాదు.

రెండో సంగతి, మిగిలిపోయిన పదార్థాలు. పోయినేడాది రెండు పెద్ద గిన్నెలు నిండుగా పారబోశాం. చెత్త అంటే అందరూ ప్లాస్టిక్ గురించే మాట్లాడుతున్నారు, ఆ గిన్నెల గురించి ఎవరూ మాట్లాడలేదు.

సమన్వయకర్త

అక్కయ్యగారూ, మీరు అడిగిన రెండూ న్యాయమైనవే. రెండోది నేను ముందే రాయవలసిన సంగతి.

కడగడం గురించి హాలుకు వెళ్ళి చూసి వచ్చాను. వంటగదిలో హోటళ్ళలో వాడే రకం డిష్‌వాషర్ ఉంది. ఒక తట్టలో పళ్ళాలు నిలువుగా పేర్చి లోపలికి తోస్తే రెండు మూడు నిమిషాలలో కడిగి బయటికి ఇస్తుంది. కుళాయి తిప్పి ఒక్కొక్కటిగా కడిగేదానితో పోలిస్తే నీళ్ళు చాలా తక్కువ పడతాయి, ఎందుకంటే ఒకసారి నింపిన వేడినీటినే అది మళ్ళీ మళ్ళీ చిమ్మి, చివరి జాలింపుకు మాత్రమే కొత్త నీరు తీసుకుంటుంది. ఎంగిలిని కుళాయి కింద పెట్టి వదలగొట్టకుండా రబ్బరు గరిటెతో గీరి తడి చెత్తలో వేస్తే ఇంకా ఆదా అవుతుంది. యంత్రం నడపడానికి అరగంట చొప్పున ఎనిమిది వంతులు వేశాను, ఒక్కో వంతుకు ముగ్గురు. ఈ ఎనిమిది వంతుల్లోనూ వంట చేసినవారి పేర్లు ఒక్కటీ ఉండకూడదన్నది నియమం. మొదటి వంతులో నా పేరు, మా ఇద్దరు మిత్రుల పేర్లు రాసుకున్నాం. మిగిలిన ఏడు వంతులకు మగవారు ముందుకు రావాలని నేరుగానే అడుగుతున్నాను.

ఇక మిగిలిన పదార్థాల గురించి. ఐక్యరాజ్యసమితి పర్యావరణ కార్యక్రమం 2024లో విడుదల చేసిన నివేదిక ప్రకారం 2022లో ప్రపంచవ్యాప్తంగా ఇళ్ళలో, దుకాణాలలో, హోటళ్ళు, క్యాంటీన్ల వంటిచోట్ల కలిపి 105 కోట్ల టన్నుల ఆహారం వృథా అయింది. వినియోగదారుల దాకా వచ్చిన ఆహారంలో అది దాదాపు ఐదోవంతు. అందులో 60 శాతం ఇళ్ళలోనే పోయింది. పారబోసిన అన్నం గోతిలో గాలి అందకుండా కుళ్ళితే మీథేన్ పుడుతుంది. వందేళ్ళ లెక్కన చూస్తే అది బొగ్గుపులుసు వాయువు కంటే దాదాపు 28 రెట్లు, ఇరవై ఏళ్ళ లెక్కన చూస్తే 80 రెట్లకు పైగా భూమిని వేడెక్కిస్తుంది. అంటే మీరు చెప్పిన ఆ రెండు గిన్నెలు చిన్న విషయం కానే కాదు, మన పళ్ళాల చర్చ కంటే అవే పెద్దవి కావచ్చు.

దీనికి నాకు తోచిన మార్గం ఏమిటంటే, ఎంతమంది వస్తారో పదిరోజుల ముందే ఇంటింటికీ అడిగి, పెద్దలెందరు పిల్లలెందరు అన్నది వేరుగా రాసుకుని, ఆ లెక్కకు తగినట్లే వండించడం. ‘ఎందుకైనా మంచిది’ అని పైన కలిపే నాలుగోవంతును ఈసారి కలపవద్దని నా మనవి. వడ్డించే గరిటెలు చిన్నవి పెడదాం. కావలసినవారు మళ్ళీ వచ్చి వేయించుకోవచ్చు, అడ్డు చెప్పేవారు ఉండరు. అప్పటికీ మిగిలితే తీసుకువెళ్ళడానికి ప్రతి కుటుంబమూ ఒక మూత డబ్బా వెంట తెచ్చుకోవాలని ఆహ్వానంలోనే రాద్దాం. వేడి పదార్థాలను 60 డిగ్రీలకు పైన, చల్లనివాటిని 5 డిగ్రీలకు లోపల ఉంచాలి. ఆ మధ్య వేడిలో రెండు గంటలు దాటిన వాటిని ఎవరికీ ఇవ్వకూడదు. కాబట్టి పంచే పని భోజనాలు ముగిసిన వెంటనే జరగాలి, సాయంత్రం దాకా ఆగకూడదు.

యువ విభాగం

అన్నయ్యగారికి, పెద్దలందరికీ నమస్కారం. అలంకరణ, జ్ఞాపికల పని మాకు ఇచ్చారు. వేదిక వెనుక ఫ్లెక్సీకి బదులు గుడ్డ తెర కట్టాలని అనుకుంటున్నాం. ఫ్లెక్సీ అంటే పాలిస్టర్ దారాల వల మీద పీవీసీ అనే ప్లాస్టిక్ పూత కాబట్టి రెండింటినీ విడదీయడం కష్టం, చాలా రీసైక్లింగ్ కేంద్రాలు తీసుకోవు. గుడ్డ మీద సంఘం పేరు మాత్రమే రాసి, సంవత్సరం, కార్యక్రమం పేరు విడిగా అట్టముక్కల మీద రాసి పిన్నులతో గుచ్చితే అదే తెరను ఏటా వాడుకోవచ్చు. బెలూన్లు, మెరుపుల పొడి ఈసారి ఉండవు. జ్ఞాపికగా మాత్రం ప్రతి కుటుంబానికీ ఒక కొత్త గుడ్డసంచి ఇద్దామని మా ఆలోచన, దీనికి మీ అనుమతి కోరుతున్నాం.

సమన్వయకర్త

తెర ఆలోచన నాకు ఎంతో నచ్చింది, ముఖ్యంగా సంవత్సరాన్ని విడిగా గుచ్చడం. పోయినేడాది తెర మీద అంకెలు ఉండబట్టే అది నిరుపయోగమై మా గ్యారేజీలో చుట్టగా పడి ఉంది.

సంచుల విషయంలో మాత్రం మిమ్మల్ని నిరుత్సాహపరచక తప్పడం లేదు. పత్తి పండించడానికి, వడికి నేయడానికి పట్టే నీరు, ఎరువులు, విద్యుత్తు తక్కువ కాదు. బ్రిటన్ పర్యావరణ సంస్థ 2011లో ప్రచురించిన అధ్యయనంలో, ఒకసారి వాడి పారేసే పలుచని ప్లాస్టిక్ సంచితో భూతాపం లెక్కలో సమానం కావాలంటే నూలు సంచిని 131 సార్లు వాడాలని తేలింది. వాడేవారికి అది పెద్ద సంఖ్య కాదు, వారానికి రెండుసార్లు దుకాణానికి తీసుకువెళితే ఏడాదిన్నర లోపే పూర్తవుతుంది. కానీ మన ఇళ్ళలో తలుపు వెనుక కొక్కేనికి ఇప్పటికే ఎన్ని సంచులు వేలాడుతున్నాయో ఒకసారి లెక్కపెట్టండి. మా ఇంట్లో పద్నాలుగు ఉన్నాయి, వాటిలో మేం నిజంగా వాడేవి మూడు. వాడకుండా మడత పెట్టిన సంచి నేలకు ఏ మేలూ చేయదు. మీకు సమ్మతమైతే ఎవరింట్లో అదనంగా ఉన్న సంచులు వారు తెచ్చి ద్వారం దగ్గర కొక్కేలకు తగిలిస్తే, అవసరమైనవారు తీసుకుంటారు.

జ్ఞాపికలకు బదులు మీ యువ విభాగం ఒక మరమ్మతు బల్ల నడిపితే బాగుంటుంది. 2009లో ఆమ్‌స్టర్‌డామ్‌లో మార్టీన్ పోస్ట్‌మా అనే పాత్రికేయురాలు మొదలుపెట్టిన రిపేర్ కఫేలు ఇప్పుడు ఎన్నో దేశాలలో నడుస్తున్నాయి. చెడిపోయిన వస్తువును తెచ్చినవారే పక్కన కూర్చుని, తెలిసినవారి సాయంతో బాగుచేసుకోవడం అక్కడి పద్ధతి. మనలో ఎలక్ట్రికల్ ఇంజనీర్లకు కొదవలేదు, కుట్టుమిషను మీద చేయి తిరిగిన పెద్దమ్మలూ ఉన్నారు. ఊడిన జిప్పులు, తెగిన సంచి పట్టీలు, వైరు వదులైన టేబుల్ ల్యాంపులు వంటివి ఆ బల్ల దగ్గర బాగుపడతాయి. మంటలు పుట్టే ప్రమాదం ఉన్న ఉబ్బిన లిథియం బ్యాటరీలను మాత్రం తేవద్దని ఆహ్వానంలో స్పష్టంగా రాయాలి.

రవాణా విభాగం

నమస్కారం. పళ్ళాల గురించి ఇంత వివరంగా చర్చిస్తున్నప్పుడు కార్ల గురించి కూడా ఒక మాట చెప్పాలనిపించింది. ఒక లీటరు పెట్రోలు మండితే సుమారు 2.3 కిలోల బొగ్గుపులుసు వాయువు వెలువడుతుంది. రానుపోను మూడు లీటర్లు ఖర్చయ్యే దూరం నుంచి ఒక్కరే కారులో వస్తే ఆ ఒక్క ప్రయాణానికే దాదాపు ఏడు కిలోలు. ఇంటి నుంచి బయలుదేరే వీధులను బట్టి కుటుంబాలను జతపరచి, ఖాళీ సీట్ల జాబితా నేను తయారు చేస్తాను. చిన్నపిల్లల సీట్లు ఎవరి కారులో ఉన్నాయో ముందే తెలియజేయాలి, పోయినసారి ఆ ఒక్క కారణం వల్లే మూడు జతలు చివరి నిమిషంలో విడిపోయాయి. రైలు స్టేషను నుంచి హాలుకు నడక పన్నెండు నిమిషాలు. నడవలేని పెద్దలను తీసుకురావడానికి రెండు కార్లు స్టేషను దగ్గరే ఉంచుతాను.

సమన్వయకర్త

చాలా సంతోషం. ఈ జాబితా వల్ల తగ్గేది మన పళ్ళాల వల్ల తగ్గేదానికి తీసిపోదు, ఎక్కువే కావచ్చు.

ఇక చివరికి మిగిలినవి డబ్బాలు. హాలంతా చల్లినట్లు పెట్టకుండా రెండేచోట్ల పెడదాం. ఒకటి భోజనశాల బయటికి వచ్చే తలుపు దగ్గర, రెండోది నీళ్ళ బల్ల పక్కన. విడిగా ఒక్క డబ్బా ఎక్కడా ఉండకూడదు, ఎందుకంటే పక్కన మరొకటి లేకపోతే జనం అన్నీ దానిలోనే వేస్తారు. ప్రతిచోటా భోజనాల వేళ ఒక మనిషి నిలబడాలి. బోర్డు మీద రాసింది చదివే తీరిక చంకలో బిడ్డ, చేతిలో పళ్ళెం ఉన్న తల్లికి ఉండదు. ‘ఇటివ్వండమ్మా’ అని పళ్ళెం అందుకునే చేయి ఉంటే తప్పు జరగదు. చెత్త తీసుకువెళ్ళే సంస్థ నుంచి వారు తీసుకునేవి, తీసుకోనివి రాతపూర్వకంగా తెప్పించాను. బోర్డుల మీద ఆ జాబితాలోనివే గీయిస్తాను.

కట్టిన ప్రతి చెత్త సంచినీ కొక్కెం త్రాసుకు తగిలించి బరువు రాసుకోవాలి. పోయినేడాది మనం తూచలేదు కాబట్టి ఈసారి తగ్గిందో లేదో అంకెలతో చెప్పలేం, వచ్చే ఏడాదికైనా ఆ లెక్క ఉండాలి. ఈ పని మా పాప, ఆమె స్నేహితురాళ్ళు చేస్తామన్నారు. పుస్తకం కూడా గీతలు గీసి సిద్ధం చేసుకున్నారు.

వచ్చే ఆదివారం ఉదయం 10 గంటలకు హాలు దగ్గర కలుద్దాం. డిష్‌వాషర్ ఎలా నడపాలో నిర్వాహకులు చూపిస్తామన్నారు, వంతుల్లో పేర్లు ఇచ్చినవారు తప్పక రావాలి. ఇంకా నాలుగు వంతులకు మనుషులు కావాలి.

భోజన విభాగం

మా ఇంటాయన పేరు నాలుగో వంతులో రాసుకో తమ్ముడూ. చిన్న గరిటెలు మా ఇంట్లో ఆరు ఉన్నాయి, ఆదివారం తెస్తాను.