ప్లంబింగ్‌లో కొత్త. ఆరు గంటలుగా ఒకే జాయింట్ కారుతోంది, ఈ పని నాకు అబ్బుతుందా?

కొత్తహెల్పర్, రాత్రి 10:48

అందరికీ నమస్కారం. ప్లంబింగ్‌లోకి వచ్చి మూడు వారాలైంది. అంతకుముందు కుర్చీలో కూర్చునే ఉద్యోగం. ఇష్టపడే మానేసి వచ్చాను. ఇవాళ మా మేస్త్రీ వేరే సైట్‌కి పోతూ "ఆ బాత్రూమ్ కనెక్షన్ నువ్వు కానిచ్చెయ్" అన్నాడు. ఆరు గంటలు ఆ జాయింట్ దగ్గరే కూర్చున్నా. బిగిస్తా, వాల్వ్ తిప్పుతా, రెండు నిమిషాలు బాగానే ఉంటుంది, తర్వాత ఒక చుక్క. మళ్లీ విప్పుతా. ఇలా నాలుగుసార్లు. అరచేతులు మండిపోతున్నాయి. ఇంటివాళ్లు రెండుసార్లు వచ్చి చూసి, ఏమీ అనకుండా వెళ్లారు. తిట్టినా బాగుండేది.

ఈ లైన్‌లో పైకి రావాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి? కోర్సు చేయాలా, మేస్త్రీ దగ్గరే ఉండాలా? అసలు ఈ పని నాకు అబ్బుతుందా? సూటిగా చెప్పండి.

పొడిమాట, 10:53

ఏ పైపు? ఏ జాయింట్? ఫోటో ఏది?

పాతకాపు, 11:07

తమ్ముడూ, గమ్ము పని సరిగ్గా రాకుండా వాల్వ్ తిప్పితే ఇంతే. ఈ కాలం పిల్లలు డబ్బా మీద రాసింది చదవరు. వేడినీళ్ల ప్లాస్టిక్ పైపు సీపీవీసీకి వేరే గమ్ము, చన్నీళ్ల ప్లాస్టిక్ పైపు యూపీవీసీకి వేరే గమ్ము, ముందు అది చూసుకో. పైపుని అడ్డంగా, వంకర లేకుండా కోయాలి. హ్యాక్సాతో కోశాక అంచుకి నూగు మిగులుతుంది, వేలు పెట్టి చూస్తే గీరుకుంటుంది. అది తీసేసి బయటి అంచుని కొంచెం వాలుగా చెక్కు. లేకపోతే లోపలికి దూర్చేటప్పుడు ఆ అంచే గమ్మునంతా గీకి ముందుకు తోసేస్తుంది. పైపుకీ సాకెట్‌కీ రెండింటికీ రాసి, పావు చుట్టు తిప్పుతూ దించి, ముప్పై సెకన్లు పట్టుకోవాలి. సాకెట్ లోపల సన్నగా వాలు ఉంటుంది కదా, వెంటనే వదిలేస్తే పైపు దానంతట అదే వెనక్కి జరుగుతుంది. ఆరే టైము పైపు సైజుని బట్టి, వాతావరణాన్ని బట్టి ఉంటుంది, అది కూడా డబ్బా మీదే ఉంటుంది. తడి మీద మాత్రం ఎప్పుడూ పెట్టకు.

స్టీమ్‌లైన్, 11:21

కెరీర్ అని అడిగాడు కాబట్టి చెప్తున్నా. ముందు ప్లంబర్ వేరు, పైప్ ఫిట్టర్ వేరు అని తెలుసుకోవాలి. ప్లంబర్ అనే మాట లాటిన్‌లో సీసానికి ఉన్న ప్లంబమ్ అనే పేరు నుంచి వచ్చింది, ఒకప్పుడు పైపులు సీసంతో చేసేవాళ్లు కాబట్టి. ఇంట్లో మంచినీళ్లు, మురుగు చూసుకునేవాడు ప్లంబర్. ఆవిరి, నూనె, కెమికల్ లైన్లు వేసేవాడు ఫిట్టర్. వాడికి ఐసోమెట్రిక్ డ్రాయింగ్, అంటే లైను పొడవు, వెడల్పు, ఎత్తు మూడూ ఒకే బొమ్మలో చూపేది, చదవడం రావాలి, వెల్డర్‌తో కలిసి పనిచేయాలి. లెక్క కూడా రావాలి. రెండు లైన్ల మధ్య ఎడం 300 మిల్లీమీటర్లు ఉండి 45 డిగ్రీల ఎల్బోలతో కలపాలంటే, ఏటవాలు ముక్క మధ్య నుంచి మధ్యకి 300 ఇంటూ 1.414, అంటే 424. అందులోంచి రెండు ఎల్బోలు తినేసే కొలత తీసేసి కోయాలి. మంచి భవిష్యత్తు కావాలంటే ఇటు రండి. బాత్రూముల్లో ఏముంది?

పాతకాపు, 11:26

బాత్రూముల్లో ఏముందా? ఆ లెక్క మేమూ వేస్తాం సార్, మీరు దానికి పేరు పెట్టారు, అంతే. ట్రాప్‌లో, అంటే మురుగు పైపు వంపులో, 50 మిల్లీమీటర్ల నీళ్లు నిలవకపోతే వాసనకి ఇల్లు వదిలి పారిపోతారు. అప్పుడు మీ ఐసోమెట్రిక్ ఎవరికి కావాలి?

స్టీమ్‌లైన్, 11:31

తక్కువ చేసి అనలేదు. పేర్లు కలిపేయొద్దన్నాను, అంతే.

కొత్తహెల్పర్, 11:38

అన్నా, గమ్ము కాదు. మర జాయింట్. అది చెప్పానుగా, "బిగిస్తా, విప్పుతా" అని. గమ్ము వేసింది విప్పుతారా ఎవరైనా?

మరకి చుట్టే టెఫ్లాన్ టేప్ నాలుగుసార్లు మార్చా. మొదట పది చుట్లు, చివరికి ఇరవై పైనే వేసి పైప్ రెంచ్‌తో బలమంతా పెట్టి బిగించా.

పొడిమాట, 11:40

మగ మర ఏది, ఆడ మర ఏది? దేంతో చేసినవి?

కొత్తహెల్పర్, 11:44

లోపలికి పోయేది ఇనుప నిప్పల్, బయట మర ఉన్న పొట్టి పైపు ముక్క. బయటిది సీపీవీసీ ఎఫ్‌టీఏ, అంటే లోపల మర ఉన్న అడాప్టర్, అర అంగుళం. మామూలు ప్లాస్టిక్‌దే, లోపల ఇత్తడి లేదు. పెట్టెలో అదే ఉంది.

పొడిమాట, 11:45

పగిలింది.

ఎల్బోఅక్క, 11:58

ఆయన ఒక్క మాటలో చెప్పేశారు, నేను కాస్త విడమరుస్తా. నిప్పల్ మీద మర నిటారుగా ఉండదు, కొసకి సన్నబడుతుంది. ప్రతి 16కి 1 వాలు. బిగించేకొద్దీ మేకులా దిగబడుతుంది. ఇనుముకి ఏమీ కాదు, బయట ఉన్న ప్లాస్టిక్ నోరు తెరుచుకుంటుంది. ఇరవై చుట్లు టేప్ వేస్తే ఆ మేకుని ఇంకా లావు చేసినట్టే. రెండు నిమిషాలు ఆగి చుక్క వస్తోందన్నావు కదా, నాకూ పగులు మీదే అనుమానం. వెంట్రుకంత ఉంటుంది, కంటికి కనపడదు.

ఇలా చూడు. జాయింట్‌ని గుడ్డతో పూర్తిగా తుడిచి ఆరబెట్టు. టిష్యూ కాగితం ముక్కలు చింపి ఒకటి మర అంచున, ఒకటి ఫిట్టింగ్ ఒంటి మీద, ఒకటి గమ్ము వైపున చుట్టు. వాల్వ్ మెల్లగా తెరువు. ఏ ముక్క ముందు తడిస్తే అదే చోటు. నీళ్లు కారేది ఒకచోట, చుక్క పడేది ఇంకోచోట. మన కళ్లు మాత్రం చుక్క వెంటే పోతాయి. నేను హెల్పర్‌గా ఉన్నప్పుడు సింక్ కింద ఇదే తప్పు చేశా. మూడు వాషర్లు మార్చాక తెలిసింది, నీళ్లు పైన ట్యాప్ మొదట్లోంచి పైపు వెంట దిగుతున్నాయని.

మార్చేటప్పుడు లోపల ఇత్తడి మర ఉన్న ఫిట్టింగ్ వెయ్యి. టేప్ నాలుగైదు చుట్లు చాలు. మర కొస నీ వైపు పెట్టుకుని గడియారం ముల్లు తిరిగే వైపు చుట్టు, లేకపోతే బిగించేటప్పుడు ఊడొచ్చేస్తుంది.

ఇక కెరీర్ సంగతి. కోర్సా మేస్త్రీనా అంటే రెండూ. డ్రాయింగ్, లెక్క, గ్యాస్ లైన్ల జాగ్రత్తలు కోర్సులో వస్తాయి. ఎంత బిగించాక ఆపాలో చేతికి తెలియాలంటే సైట్ మీదే. మొదటి ఏడాది కోత, కొలత, ప్రెజర్ టెస్ట్ మీద ఉండు. ప్లాస్టిక్ లైన్‌ని నీళ్లతోనే టెస్ట్ చెయ్యి. గాలి కంప్రెసర్ పెట్టమని ఎవరన్నా చెప్పినా పెట్టకు, పగిలితే ముక్కలు తూటాల్లా వస్తాయి. ట్యాపుల మీద మోజుతో మురుగు పని వదిలెయ్యకు. సగం పని అక్కడే ఉంది, వాలు లెక్క తెలిసినవాళ్లని అందరూ వెతుక్కుంటారు.

పాతకాపు, రాత్రి 12:09

టేప్ ఎందుకమ్మా, జనపనార పెట్టి పేస్ట్ పూస్తే తరాలు నిలుస్తుంది.

ఎల్బోఅక్క, 12:12

ఇనుముకి ఇనుమైతే నిలుస్తుంది బాబాయ్. ప్లాస్టిక్ మరలో నార కుక్కితే మళ్లీ మేకే కదా.

స్టీమ్‌లైన్, 12:20

ఇంకో సంగతి. ఆ నిప్పల్ మర బ్రిటిష్ కొలత బీఎస్పీయా, అమెరికా కొలత ఎన్‌పీటీయా? అర అంగుళంలో రెండింటికీ అంగుళానికి 14 మరలే. కానీ ఒకదాని కోణం 55 డిగ్రీలు, ఇంకోదానిది 60. రెండు మూడు చుట్లు చక్కగా ఎక్కుతుంది, తర్వాత పట్టేస్తుంది. అది కూడా కారుతుంది. పైగా "అర అంగుళం" అనేది పేరు మాత్రమే. ఇనుప పైపు బయటి కొలత 21.3 మిల్లీమీటర్లు, సీపీవీసీది 15.9. ఏదీ అర అంగుళం కాదు.

పాతకాపు, 12:24

నేను అర అంగుళం అంటే షాపువాడు అర అంగుళమే ఇస్తాడు. ఇన్నేళ్లుగా ఇస్తున్నాడు.

స్టీమ్‌లైన్, 12:27

ఇస్తాడు, దాన్ని ఎవరు కాదన్నారు. కొలిచి చూడండి అంటున్నా.

కొత్తహెల్పర్, మర్నాడు ఉదయం 9:16

పొద్దున్నే వెళ్లి టిష్యూ చుట్టి చూశా. మధ్యలోది తడిసింది. కోసి తీస్తే గోటి గీతంత పగులు. ఇత్తడిది వేశాం, గంటైంది, పొడిగానే ఉంది. మేస్త్రీ చూసి "రెంచ్ అంత పొడుగు పట్టుకుంటే ఏం ఆగుతుందిరా" అన్నాడు. ముందే చెప్పొచ్చుగా. థాంక్స్ అక్కా, పొడిమాట అన్నా.

వానచినుకు, 9:50

ఇదే థ్రెడ్‌లో అడుగుతున్నా, ఏమనుకోకండి. మా పై అంతస్తులో ట్యాప్ కట్టేయగానే గోడలో ఢాం అని శబ్దం వస్తోంది. ఎందుకు?

పొడిమాట, 9:52

ఏ ట్యాప్?