దూకారా, బయటపడ్డారా, దక్కించుకున్నారా?

అనువాదశాల:
1966 జనవరి 17న స్పెయిన్‌లోని పలోమారెస్ దగ్గర, సుమారు 31,000 అడుగుల ఎత్తున, అమెరికా వైమానిక దళపు బీ-52 బాంబరు కేసీ-135 ట్యాంకరు నుంచి ఇంధనం నింపుకోబోతూ దాన్ని గుద్దుకుంది. ట్యాంకరులో నలుగురికి నలుగురూ పోయారు. బాంబరులో ఏడుగురు ఉంటే నలుగురు బతికారు. దీని మీద వ్యాసం తెలుగు చేస్తున్నాం. చిత్తుప్రతిలో రెండు వాక్యాల దగ్గర ఆగిపోయాం. ఒకటి: "నలుగురు పారాచూట్లతో దూకి ప్రాణాలు కాపాడుకున్నారు." రెండోది: "వారిలో ఒకరికి చావు తప్పి కన్ను లొట్టపోయింది." ఈ దూకడం, ఆ జాతీయం ఇక్కడ పొసుగుతాయా?

గాలిమర:
దూకడం కాదండీ. దూకాలంటే లేచి, తలుపు దాకా నడిచి, కాలు బయట పెట్టాలి. రెక్క ఊడి గిరగిర తిరుగుతున్న విమానంలో ఆ బలానికి సీట్లోంచి లేవడమే గగనం. ఎజెక్షన్ సీటు పుట్టిందే అందుకు.

క్రమం చూడండి. మనిషి పిడి లాగుతాడు. భుజాల పట్టీలు గుంజుకుని వీపును సీటుకు అదిమేస్తాయి. నెత్తిమీది మూత ఎగిరిపోతుంది. సీటు కింద మందుగుండు పేలి సీటును పట్టాల వెంట పైకి తోస్తుంది. ఇప్పటి సీట్లలో వెంటనే రాకెట్ కూడా అందుకుంటుంది. బయటికొచ్చాక సీటు దొర్లకుండా చిన్న డ్రోగ్ పారాచూట్ పట్టి నిలుపుతుంది. ఎత్తు ఎక్కువైతే పెద్ద పారాచూట్ అప్పుడే తెరుచుకోదు. గాలి ఒత్తిడిని పసిగట్టే పరికరం, సీటు రకాన్ని బట్టి 10,000 నుంచి 15,000 అడుగుల మధ్యకు దిగేదాకా దాన్ని ఆపి ఉంచుతుంది.

ఆపడానికి కారణాలున్నాయి. 31,000 అడుగుల దగ్గర చలి సున్నాకు దిగువన 45 డిగ్రీల పైనే. ప్రాణవాయువు అందకపోతే నిమిషం, రెండు నిమిషాల్లో తెలివి తప్పుతుంది. పెద్ద పారాచూట్ అక్కడే విచ్చుకుంటే ఆ చలిలో, ఆ పలచటి గాలిలో చాలాసేపు వేలాడాలి. పైగా పలచటి గాలిలో అసలు వేగం ఎక్కువ కాబట్టి విచ్చుకునే కుదుపు కూడా గట్టిగా ఉంటుంది, బట్ట చిరగొచ్చు. అందుకే ముందు వేగంగా కిందికి జారనిచ్చి, తర్వాత తెరుస్తారు. అంతవరకూ ఊపిరికి ఒక చిన్న ఆక్సిజన్ సీసా ఉంటుంది.

ఇన్నిటిలో మనిషి చేసింది పిడి లాగడం ఒక్కటే. కాబట్టి "పిడి లాగాడు", "సీటుతో సహా బయటికి విసిరేయబడ్డాడు" అనాలి.

క్రియాపదం:
"విసిరేయబడ్డాడు" వినడానికి బాగాలేదు. వాడుక తెలుగుకు "బడు" కర్మణి చాలావరకు అతకదు. "సీటు అతన్ని బయటికి విసిరేసింది" అంటే చాలు, కర్త ఎవరో కూడా తేలుతుంది.

చిత్తుప్రతిలో అసలు తప్పు "కాపాడుకున్నారు"లో ఉంది. -కొను చేరితే పని చేసినవాడు, ఫలం పొందినవాడు ఒక్కడే. తన తెలివితో, తన చేతులతో చేశాడన్న ధ్వని వస్తుంది. -పడు చేరితే పని తనంతట జరిగింది, మనిషి దానికి లోబడ్డాడు. పైన చెప్పిన క్రమానికి "ప్రాణాలతో బయటపడ్డారు" సరిగ్గా అతుకుతుంది. పత్రికలు ఆలోచించి వాడాయో అలవాటుగా వాడాయో గానీ, ఈ సందర్భానికి అదే సరైన మాట.

ఇంకో సంగతి. "ఇంధనం నింపుకుంటూ" బాంబరుకు, "నింపుతూ" ట్యాంకరుకు. వార్తల్లో "ఇంధనం నింపుతుండగా బాంబరు కూలింది" అని రాస్తుంటారు, అక్కడ ఎవరు ఎవరికి పోస్తున్నారో తలకిందులవుతుంది.

బూమ్‌గది:
దూకడం అన్ని చోట్లా తప్పు కాదు, ఒక మినహాయింపు చెప్పాలి. బీ-52లో అందరికీ ఎజెక్షన్ సీటు లేదు. పై అంతస్తులో పైలట్లు, ఎలక్ట్రానిక్ యుద్ధ అధికారి పైకి వెళ్తారు. ప్రమాదానికి గురైన జీ రకంలో గన్నర్ కూడా అక్కడే కూర్చుంటాడు, అతనూ పైకే. కింది అంతస్తులో నావిగేటర్, రాడార్ నావిగేటర్ల సీట్లు కిందికి పేలుతాయి. శిక్షకుడో, అదనపు పైలటో ఉంటే అతనికి వీపున పారాచూట్ మాత్రమే. నావిగేటర్ సీటు వెళ్లిపోయాక నేలలో పడ్డ కంత దగ్గరికి పాక్కుంటూ వెళ్లి, అందులోంచి దూకాలి. అక్కడ దూకాడు అంటే అక్షరాలా నిజం. కాబట్టి నలుగురికీ ఒకే క్రియ వేసే ముందు ఎవరు ఏ సీట్లో ఉన్నారో వ్యాసంలో వెతకండి.

కేసీ-135లో ఎజెక్షన్ సీట్లు అసలే లేవు. 2008లో అమెరికా వైమానిక దళం అందులోంచి పారాచూట్లను కూడా తీసేసింది. ట్యాంకరు పైలట్‌కి విమానాన్ని దించడం తప్ప దారి లేదు. పలోమారెస్‌లో ఆ అవకాశమూ దక్కలేదు, ఇంధనం అంటుకుని విమానం గాల్లోనే పేలిపోయింది.

అనువాదశాల:
"ఢీకొట్టింది" వాడితే బాంబరు తప్పు అన్నట్టు ఉంటుందా? మూలంలో బూమ్ (ట్యాంకరు ఇంధనపు గొట్టం) వెళ్లి బాంబరు వీపును తాకిందని ఉంది.

క్రియాపదం:
ఉంటుంది. ఢీకొట్టింది అంటే ఒకరు కొట్టారు, ఒకరు తిన్నారు. "రెండూ ఢీకొన్నాయి" అంటే తప్పు ఎవరిదో తేల్చనట్టు.

బూమ్‌గది:
ఎలా తాకిందో తెలిస్తే క్రియ దానంతట అదే దొరుకుతుంది. బూమ్ అంటే ట్యాంకరు తోక కింద ఉండే గట్టి గొట్టం. లోపలి గొట్టం ముందుకు, వెనక్కి జరుగుతుంది, చివర చిన్న రెక్కలుంటాయి. కేసీ-135లో బూమ్ ఆపరేటర్ బోర్లా పడుకుని, కిటికీలోంచి చూస్తూ దాన్ని నడుపుతాడు. ఇంధనం కావలసిన విమానం ముందు 50 అడుగుల వెనక, కొంచెం దిగువన ఆగాలి. అక్కడ కుదురుకున్నాక సెకనుకు ఒక అడుగు చొప్పున, అంటే మనిషి నడక కన్నా నెమ్మదిగా, ముందుకు రావాలి. ట్యాంకరు పొట్ట కింద వరస దీపాలు ముందుకా వెనక్కా, పైకా కిందికా అని చూపిస్తుంటాయి. కలిశాక నిమిషానికి సుమారు 1,000 గాలన్ల దాకా పోయగలదు.

చెడేది ఈ దగ్గరికొచ్చే వేగం దగ్గరే. కాస్త ఎక్కువైందా, బాంబరు ట్యాంకరు కిందికి దూసుకుపోతుంది. దీన్ని ఓవర్‌రన్ అంటారు. పైలట్‌కి ట్యాంకరు నెత్తిమీదికి పోయి కనబడదు. బరువైన విమానం థ్రాటిల్ (ఇంజన్ బలాన్ని పెంచే, తగ్గించే పిడి) తగ్గించినా వెంటనే వేగం తగ్గదు. పైగా బాంబరు ముక్కు ముందున్న గాలి అల ట్యాంకరు తోకను పైకి నెడుతుంది, ట్యాంకరు ముక్కు వాలుతుంది. బాంబరు ఇంకా ముందుకొస్తే రెండిటి మధ్య ఇరుకులో గాలి ఒత్తిడి మారి దూరం ఇంకా తగ్గే ప్రమాదం ఉంది. పలోమారెస్‌లో బాంబరు కాస్త వేగంగా వచ్చిందని, వెంటనే దూరం జరగమనే "బ్రేక్‌అవే" పిలుపు రాలేదని బతికిన పైలట్లలో ఒకరు తర్వాత చెప్పారు. బూమ్ కొన బాంబరు వీపుకు తగిలి, దాని పొడవునా ఉండే దూలం విరిగి, ఎడమ రెక్క ఊడింది. ఇక్కడ "గుద్దుకుంది" అంటేనే నాకు సరిగా ఉంది: వెళ్లింది బాంబరు, ముందు దెబ్బ తిన్నదీ అదే.

అనువాదశాల:
ఆ బ్రేక్‌అవేకి "విడిపో, విడిపో, విడిపో" అని రాశాం.

గాలిమర:
ఆ పిలుపును తెలుగు చేయకండి, బ్రేక్‌అవేగానే ఉంచండి. విడిపో అంటే గొట్టం ఊడదీయడం వరకే అనిపిస్తుంది. ఆ పిలుపు వినగానే ఇద్దరూ వేర్వేరు పనులు చేయాలి. ముందు విమానం పిలుపు పేరు, తర్వాత ఆ మాట మూడుసార్లు. ఆపరేటర్ బూమ్ విడదీసి, లోపలికి లాగి, పైకెత్తుతాడు. ట్యాంకరు ఇంజన్ల బలం పూర్తిగా పెంచి ముందుకు పోతుంది, కింది విమానం తప్పుకుందని తెలిసేదాకా కిందికి దిగదు. వెనక ఉన్నది థ్రాటిల్ ఐడిల్‌కు, అంటే కనీస బలానికి లాగి, కిందికీ వెనక్కీ జారుతుంది, ట్యాంకరు మొత్తం కళ్ల ముందు కనబడేదాకా. ముక్కు పైకెత్తడం గానీ పక్కకు వంచడం గానీ చేయకూడదు, వంచితే పైకి లేచిన రెక్క ట్యాంకరుకు తగలొచ్చు. ఎవరు ముందుగా ప్రమాదం పసిగడితే వాళ్లే పిలవొచ్చు, ఆపరేటర్ కోసం ఆగక్కర్లేదు. ఇది అడుగున ఒక్క వాక్యంలో వివరిస్తే పాఠకుడికి అందుతుంది.

జాతీయాలపెట్టె:
ఇక కన్ను లొట్టపోవడం. ఇందులో ఎకసెక్కెం ఉంటుంది. ఎన్నికల్లో వందోట్ల తేడాతో గట్టెక్కినవాణ్ణి అంటాం, పరీక్ష అత్తెసరు మార్కులతో దాటినవాణ్ణి అంటాం. చావు తప్పింది నిజమే, కానీ పరువు పోయిందన్న నవ్వు వెనకే వస్తుంది. ముగ్గురు సహచరులు పోయిన చోట ఆ నవ్వు పనికిరాదు. "భూమ్మీద నూకలున్నాయి" కూడా వద్దు, పక్కవాడికి నూకలు చెల్లాయని చెప్పకనే చెప్పినట్టవుతుంది.

ఇంతకీ ఆ ఒకరికి ఏమైంది?

అనువాదశాల:
రాడార్ నావిగేటర్. పేలుడులో ఒళ్లు కాలింది. సీటు నుంచి విడివడలేకపోయారు. ఎలాగో పారాచూట్ తెరిచి, సీటుతో సహా నేల మీద పడ్డారు. మిగతా ముగ్గురు సముద్రంలో, తీరానికి మైళ్ల దూరంలో పడితే చేపల పడవలవాళ్లు కాపాడారు.

గాలిమర:
చూశారా, ఇక్కడ -కొను వాడొచ్చు! యంత్రం తన పని సగంలో ఆపేస్తే మిగతా సగం ఆయన చేత్తో చేశారు. సీటు బరువు తోడైతే దిగే వేగం పెరుగుతుంది. కాళ్లు దగ్గరపెట్టి, మోకాళ్లు కాస్త వంచి, పిక్క, తొడ, నడుము, వీపు వరసగా నేలకు ఆనేలా దొర్లాలంటారు, సీటు తగులుకుని ఉంటే ఆ దొర్లుడు కుదరదు. "తానే పారాచూట్ తెరుచుకుని ప్రాణం దక్కించుకున్నారు" అని నిస్సందేహంగా రాయండి.

గాయాల మాట కూడా చెప్పాలి. పైకి పేలే సీట్లలో వెన్నుపూస నలగడం తరచూ కనిపిస్తుంది, ఎక్కువగా ఛాతీ పూసలు ముగిసి నడుము పూసలు మొదలయ్యే చోట. సీటు ఒక్క క్షణంలో బరువుకు పన్నెండు పద్నాలుగు రెట్ల బలంతో తోస్తుంది. అప్పుడు తల వంగి ఉన్నా, వీపు సీటుకు ఆనకపోయినా పూస ముందువైపు నలుగుతుంది. తల వెనక్కి ఆనించి, మోచేతులు లోపలికి పెట్టి లాగమనేది అందుకే. ఢీకొన్న క్షణంలో అంత కుదురుగా కూర్చునే తీరిక ఎవరికుంటుంది?

బూమ్‌గది:
సముద్రంలో పడ్డవాళ్లకు కూడా "బయటపడ్డారు" ఒక్కటే చాలదు. దిగేటప్పుడే పైకి చూసి పారాచూట్ పూర్తిగా విచ్చుకుందో లేదో చూసుకోవాలి. మాస్కు తీయాలి. ప్రాణరక్షణ కిట్‌ను తాడుతో కిందికి వదలాలి, తెప్ప దాంతోనే ఉంటుంది. నీళ్లను తాకకముందే లైఫ్ వెస్ట్ ఊదుకోవాలి. పాదాలు నీళ్లకు తగలగానే భుజాల దగ్గరి కొక్కేలు విప్పాలి. ముందే విప్పితే ఎత్తు అంచనా తప్పి పడిపోతారు, నీళ్ల మీద ఎత్తు కంటికి తెలియదు. ఆలస్యమైతే గాలికి నిండిన పారాచూట్ మనిషిని ఈడ్చుకుపోతుంది. బట్ట నెత్తిన పడితే కంగారుపడి చేతులు ఆడించకూడదు. ఒక కుట్టు పట్టుకుని దాని వెంటే అంచు దాకా పోవాలి, లేకపోతే తాళ్లు చుట్టుకుంటాయి.

జాతీయాలపెట్టె:
అయితే ఆకాశంలో -పడు, నీళ్లలో -కొను.

బూమ్‌గది:
బాగుంది. మరి విమానమే బతికితే? 2020 సెప్టెంబరు 29న కాలిఫోర్నియాలో మెరైన్ దళపు ఎఫ్-35బీ యుద్ధవిమానం, కేసీ-130జే ట్యాంకరు ఇంధనం ఇచ్చిపుచ్చుకునే వేళ ఢీకొన్నాయి. అది బూమ్ కాదు, గొట్టం చివర బుట్ట ఉండే పద్ధతి. యుద్ధవిమానం పైలట్ ఎజెక్ట్ అయ్యి బతికారు. ట్యాంకరు దెబ్బతిన్నా, దాని సిబ్బంది థర్మల్ అనే ఊరి దగ్గర ఒక పొలంలో పొట్ట మీద దించారు, అందులోని ఎనిమిది మందీ బతికారు. వీళ్లను "అదృష్టవశాత్తూ బయటపడ్డారు" అంటే మటుకు ఒప్పుకోను.

క్రియాపదం:
"దించి బతికారు", లేదా "పొలంలో దించి ఎనిమిది ప్రాణాలూ దక్కించుకున్నారు". అదృష్టవశాత్తూ తీసేయండి.

అనువాదశాల:
మార్చాం: "బాంబరులోని ఏడుగురిలో నలుగురు ప్రాణాలతో బయటపడ్డారు. ముగ్గురు సముద్రంలో పడగా చేపల పడవలు కాపాడాయి. రాడార్ నావిగేటర్ కాలిన గాయాలతో, సీటు నుంచి విడివడలేక, తానే పారాచూట్ తెరుచుకుని ప్రాణం దక్కించుకున్నారు." పక్కన బ్రేక్‌అవేకి ఒక వాక్యం వివరణ చేర్చాం.

క్రియాపదం:
"పడవలు కాపాడాయి" కాదు, "పడవలవాళ్లు కాపాడారు". మిగతాది అచ్చుకు పంపేయొచ్చు.