తెలుగొకండా, తెలుగొ కండా?

దివిసీమ: మొన్న ఏకాదశికి ఘంటసాల పక్కన శ్రీకాకుళం వెళ్ళొచ్చా. ఆంధ్ర మహావిష్ణువు గుళ్ళో మంటపం చూపించి, ఆముక్తమాల్యద తెలుగులో రాయమని స్వామి శ్రీకృష్ణదేవరాయలకు కలలో చెప్పింది ఇక్కడే అన్నారు. గర్భగుడి ముందే పడుకున్నాడనేవారు మా తాతగారు. కలలో స్వామి చెప్పిన పద్యం "తెలుఁగదేల యన్న దేశంబు తెలుఁగేను / తెలుఁగు వల్లభుండఁ దెలుఁగొకండ / యెల్ల నృపులు గొలువ నెఱుఁగవే బాసాడి / దేశభాషలందుఁ దెలుఁగు లెస్స" కదా, అందులో రెండో పాదాన్ని "తెలుఁగు వల్లభుండఁ దెలుఁగొ, కండ" అని, కండచక్కెర చప్పరిస్తున్నట్టు విరిచి చదివేవారు కూడా. ఇంతకీ రాయల పడక ఎక్కడో ఆ కావ్యం అవతారికలో (ముందుమాటలో) ఉందా?

అరసున్న: తాతగారి మీద గౌరవంతోనే అంటున్నా, అక్కడ చక్కెర లేదు. తెలుఁగు + ఒకండ, అంటే ఒకణ్ణి. తాను తెలుగురాయడినని స్వామి అంతకుముందే చెప్పుకున్నాడుగా, ఎదుటివాణ్ణి కన్నడరాయా అని పిలుస్తూ.

పుస్తకాల పురుగు: మరి "ఒకండను" అయితే తర్వాతి పాదం "నెల్లనృపులు" కావాలి. "యెల్ల" అని ఉందే? నా ఓటు కండకే. ఉపవాసం ఉన్నవాడికి కలలో చక్కెర కనబడదా!

అరసున్న: "ను" రాలిపోయాక యడాగమం కాక ఏమొస్తుంది? పైగా "తెలుఁగొ" అంటే, "చెల్లియొ చెల్లకో"లాగా, తెలుగా కండా అని స్వామికే సందేహం వచ్చినట్టుంటుంది.

గణకుడు: గణాలు చూడండి. తెలుఁగు, వల్ల, భుండఁ, దెలుఁగొ, కండ. ఐదు సూర్యగణాలు, విరుపు సరిగ్గా అక్కడే. గణాలు విడదీసి వల్లెవేసిన తరం నోట్లో చక్కెర దానంతటదే పుట్టింది.

శ్రీనాథదాసు: నాలుగో పాదం అసలు రాయలదే కాదు. "జనని సంస్కృతంబు సకల భాషలకును, దేశభాషలందుఁ దెలుఁగు లెస్స" క్రీడాభిరామం అనే పాత కావ్యంలోది. అంటే మా శ్రీనాథుడిది.

పుస్తకాల పురుగు: వినుకొండ వల్లభరాయుడిది. అది ఎవరు రాశారన్న గొడవ మళ్ళీ మొదలుపెట్టకండి.

కొత్తగా చేరా: శ్రీకాకుళం అంటే అరసవల్లి దగ్గరేగా?

దివిసీమ: కాదండీ, ఇది కృష్ణ ఒడ్డు. రాయలు కళింగం మీదికి వెళ్తూ విజయవాడలో ఆగి ఇటొచ్చాడు. 1515లో కొండవీడు పట్టాడు, 1516లో సింహాచలంలో శాసనం వేయించాడు. నా మంటపం సంగతి...

బందరు లడ్డు: ఆ గుడి అంటే రాయలొక్కడేనా? నైవేద్యం ఆగిపోయిన రోజుల్లో స్వామిని నిలదీసింది ఆంధ్రనాయక శతకం రాసిన కాసుల పురుషోత్తమకవి! భూదేవి, లక్ష్మి, బ్రహ్మ, గంగ తెచ్చిపెట్టిన పేర్లన్నీ ఏకరువు పెట్టి, "ఆండ్రుబిడ్డలు దెచ్చు ప్రఖ్యాతి గాని, మొదటినుండియు నీవు దామోదరుఁడవె" అన్నాడు. పొట్టకు తాడు బిగించుకున్నవాడివేనయ్యా అని. పస్తున్న దేవుడితో!

అరసున్న: బాగుంది. ఆ చివరి "వె" నిశ్చయమా, ప్రశ్నా?

బందరు లడ్డు: నిశ్చయమే. ప్రశ్నైతే ఎత్తిపొడుపు చప్పబడదూ?

అరసున్న: నాకు ప్రశ్నలాగే వినిపిస్తోంది. రేపు శబ్దరత్నాకరం నిఘంటువు తీసి వస్తా.