దవడ నొప్పి రోగులకు టాంపా స్కేల్: స్పానిష్ అనువాదంలో ఏం చూసుకోవాలి?

ప్రశ్న: కదలిక భయాన్ని కొలిచే టాంపా స్కేల్‌ను స్పానిష్ మాట్లాడే దవడ నొప్పి రోగులకు మార్చాలి. నడుము నొప్పికి వాడే స్పానిష్ ప్రతిలో "నడుము" తీసి "దవడ" పెడితే సరిపోతుందా?

జవాబు 1: సరిపోదండి. అసలు చిక్కు "వ్యాయామం" అన్న మాటతో. నడుముకు అది అర్థవంతమే, దవడకు కాదు. నమలడం, ఆవలించడం, నోరు పెద్దగా తెరవడం అని విడమరిచి రాయాలి. "దవడ"కు కూడా స్పెయిన్‌లో మండీబులా అంటారు, మెక్సికోలో కిహాదా ఎక్కువ వినిపిస్తుంది. ఏ దేశపు రోగులో ముందే తేల్చుకోండి. ఇద్దరు విడివిడిగా అనువదించాలి, రెండూ కలిపాక మూలం చూడని మరో ఇద్దరు దాన్ని తిరిగి మూల భాషలోకి అనువదించాలి. ఆపైన నిపుణుల కమిటీ, తర్వాత 30–40 మంది రోగులతో పరీక్ష. ప్రతి వాక్యం వాళ్లకు ఏమని అర్థమైందో సొంత మాటల్లో చెప్పించండి, అవునూ కాదూ సరిపోదు.

జవాబు 2: 17 ప్రశ్నల మూల ప్రతిలో 4, 8, 12, 16వ ప్రశ్నలు మిగతావాటికి వ్యతిరేక అర్థంలో ఉంటాయి, వాటిని తిరగేసి లెక్కించాలి: 5 లోంచి రోగి ఇచ్చిన అంకె తీసేయాలి. ఇది మరిచిపోతే ఆల్ఫా (ప్రశ్నలు ఒకదానితో ఒకటి ఎంత పొసగుతున్నాయో చెప్పే అంకె) పడిపోతుంది, తప్పు అనువాదానిదని పొరబడతారు. స్కేల్ నిలకడగా కొలుస్తుందో లేదో చూడటానికి మళ్లీ కొలిచేటప్పుడు నొప్పి మారని రోగులనే తీసుకోండి. ప్రామాణిక కొలత దోషం (ఒక్కో కొలతలో ఉండే అనిశ్చితి) 2 పాయింట్లు వస్తే, 1.96 × √2 × 2, అంటే సుమారు 5.5 పాయింట్లు దాటిన మార్పునే నిజమైనదిగా నమ్మాలి.

ప్రశ్న వేసినవారు: "వ్యాయామం" వాక్యాలనే ముందు తిరగరాస్తాం.