సొలొమోను జ్ఞానం అడిగింది డబ్బు కోసమేనా? పిల్లాడికి ఏం చెప్పాలి?

అందరికీ వందనాలు. మా సంఘంలో సండే స్కూల్ చెబుతుంటాను, పదీ పన్నెండేళ్ల పిల్లలకి. పోయిన వారం బైబిల్లోని మొదటి రాజుల గ్రంథం 3వ అధ్యాయం తీసుకున్నాను. గిబియోను అనే ఊళ్లో ఇశ్రాయేలు రాజు సొలొమోను వెయ్యి దహనబలులు అర్పించడం, ఆ రాత్రి కలలో దేవుడు ఏం కావాలో అడగమనడం, ఇతను ఐశ్వర్యం, దీర్ఘాయువు, శత్రువుల ప్రాణం ఏదీ అడక్కుండా మంచిచెడ్డలు తెలుసుకునే వివేకం అడగడం. దేవుడు మెచ్చి, అడగని ఐశ్వర్యం కూడా ఇచ్చాడని ముగించాను.

వెనక బెంచీలో చాక్‌పీస్ ముక్క గిల్లుతూ కూర్చున్న ఒకడు లేచాడు. "అయితే సార్, జ్ఞానం అడిగితే డబ్బు ఫ్రీగా వస్తుందన్నమాట. నేనూ అదే అడుగుతా." క్లాసంతా నవ్వు. నేనూ నవ్వేశాను గానీ జవాబు తట్టలేదు. (నిజానికి పెద్దవాళ్ల ప్రార్థనల్లోనూ ఈ లెక్క ఉంటుంది, వాడు దాచుకోలేదంతే.)

ఇంటికొచ్చి 11వ అధ్యాయం దాకా చదివితే ఇంకా చిక్కు. 700 మంది భార్యలు, 300 మంది ఉపపత్నులు, ముసలితనంలో మనసు అన్య దేవతల వైపు. రాజు భార్యల్నీ వెండిబంగారాల్నీ విస్తారంగా కూడబెట్టకూడదని ద్వితీయోపదేశకాండం 17లో ఉండనే ఉంది. అంత జ్ఞాని తప్పాడంటే జ్ఞానం వేరు, భక్తి వేరు అనా? ఇది ఆ వయసు పిల్లలకి చెప్పొచ్చా?

ఆదివారం యాకోబు పత్రిక 1:5తో (జ్ఞానం తక్కువైనవాడు దేవుణ్ని అడగాలి అనే వచనం) మొదలుపెడదామనుకుంటున్నా. పిల్లలకి చెప్పిన అనుభవం ఉన్నవాళ్లు ఒక ఉదాహరణ చెప్పండి. 'పరలోకంలో ధనం' లాంటిది మాత్రం వద్దు, వాడు దానికీ వడ్డీ లెక్కేస్తాడు.