1953 ఎవరి పుట్టిన ఏడు? హార్బిన్ సైనిక ఇంజినీరింగ్ సంస్థకు వారసులెవరు?

రేవుగాలి: చైనాలోని హార్బిన్ ఇంజినీరింగ్ యూనివర్సిటీ తన పుట్టిన ఏడు 1953 అని చెప్పుకుంటుంది. ఆ ఏడు సెప్టెంబరు 1న సేనాని చెన్ గెంగ్ అధ్యక్షుడిగా హార్బిన్‌లో మొదలైంది చైనా సైన్యపు ఇంజినీరింగ్ సంస్థ. యూనివర్సిటీకి ఈ పేరు వచ్చింది 1994లో. చాంగ్‌షాలోని నేషనల్ డిఫెన్స్ టెక్నాలజీ యూనివర్సిటీ కూడా 1953 అనే అంటుంది. నా లెక్కలో వారసత్వం చాంగ్‌షాదే.

లంగరు: ఉమ్మడి కుటుంబం పంపకాలు ఇవి, ఒక్కరికే రాసివ్వడం కుదరదండీ. మొదట అయిదు విభాగాలు: వైమానిక, ఫిరంగి, నౌకా, ట్యాంకు, సైనిక నిర్మాణ. ఫిరంగి విభాగం 1960లో వుహాన్ వెళ్లి, 1962లో నాన్‌జింగ్ చేరింది. నేటి నాన్‌జింగ్ సైన్స్ అండ్ టెక్నాలజీ యూనివర్సిటీ అదే. ట్యాంకు, నిర్మాణ విభాగాలు షియాన్‌కు పోయాయి. 1970లో వైమానిక విభాగం షియాన్‌లోనే నార్త్‌వెస్టర్న్ పాలిటెక్నికల్‌లో కలిసింది. పెద్ద భాగం చాంగ్‌షాకు తరలింది. నౌకా విభాగం మాత్రం ఉన్నచోటే ఉండి నౌకానిర్మాణ ఇంజినీరింగ్ సంస్థ అయింది.

చదువరి: పాత భవనాలు ఇంకా హార్బిన్‌లోనే ఉన్నాయి కదా?

రేవుగాలి: భవనాలతో వారసత్వం రాదు. మనుషులు ఎటు పోయారన్నదే ముఖ్యం.

లంగరు: మనుషులే అంటారా? నీటి అడుగున ధ్వని శాస్త్రానికి పునాది వేసిన యాంగ్ షిఎ హార్బిన్‌లోనే ఉండిపోయారు. పేరు సంగతీ చూడండి: 1966లో సంస్థ సైన్యం నుంచి బయటికొచ్చినప్పుడు పెట్టిన పేరే హార్బిన్ ఇంజినీరింగ్ ఇన్‌స్టిట్యూట్.

రేవుగాలి: అలాగైతే కంప్యూటర్ శాస్త్రవేత్త త్సి యున్‌గుయ్ సంగతేమిటి? 1958లో టార్పెడో పడవల కోసం 901 కంప్యూటర్ చేసిన ఆయన బృందం మీ నౌకా విభాగంలోదే. 441బి ట్రాన్సిస్టర్ కంప్యూటరూ హార్బిన్‌లోనే చేశారు. ఆ జట్టు చాంగ్‌షా వెళ్లి 1983లో యిన్‌హె సూపర్ కంప్యూటర్ చేసింది, తర్వాత అక్కడే థియాన్‌హె సూపర్ కంప్యూటర్ వచ్చింది. మీరు అట్టే పెట్టుకున్నది భవనాలే.

లంగరు: ఈ వేదికలో నేనేం రాసినా ఇదే వరస. సోనార్, నౌకా దిశానిర్దేశం మీ కళ్లకు ఆనవు. సూపర్ కంప్యూటర్ ఒక్కటే చదువా?

మోడరేటర్: ఇద్దరూ స్వరం తగ్గించండి.

రేవుగాలి: సరే, సూటిగా చెబుతా. 2008 నుంచి హార్బిన్‌ది పరిశ్రమల, సమాచార సాంకేతిక మంత్రిత్వ శాఖ పాలన. చాంగ్‌షా నేరుగా సైన్యానిది. మిలిటరీ వంశం అని గర్వంగా చెప్పుకుంటే ఆ ముద్ర విద్యార్థుల మీద పడుతుంది. 2020లో అమెరికా హార్బిన్‌ను ఆంక్షల జాబితాలో పెట్టింది, జూన్‌లో అక్కడ మ్యాట్‌ల్యాబ్ అనే అమెరికా గణన సాఫ్ట్‌వేర్ ఆగింది. కంట్రోల్ సిస్టమ్స్ చదివేవాళ్లు దానితో వచ్చే సిమ్యులింక్ లేకుండా నమూనాలు మళ్లీ మొదటి నుంచీ కట్టుకోవాలి.

లంగరు: అదా మీ బాధ! మొదటి పోస్టులోనే అనాల్సింది. జాబితాలో పెట్టింది 1953 వల్ల కాదండీ. చైనా సైన్యపు కార్యక్రమాల కోసం అమెరికా వస్తువులు కొన్నారని, కొనబోయారని. పుట్టినరోజు 1994కి మార్చినా నౌకాదళం పనులు పోవు.

రేవుగాలి: పనులు కొన్ని ల్యాబులవి. దెబ్బ అందరికీ.

చదువరి: మరి చాంగ్‌షా మీద అలాంటిదేమీ లేదా?

లంగరు: ఉంది. 2015 ఫిబ్రవరిలోనే, థియాన్‌హె కారణంగా.